వెలుతురుతో వార్తలు

హైదరాబాదు నుండి వరంగల్లుకు పోయే రహదారి మీద, కాజీపేటకు కొంచెం ముందు మడికొండ వస్తుంది. మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామి ఆలయం వలన ఈ ఊరిపేరు చుట్టుప్రక్కల అందరికీ తెలిసినదే. చీకటి పడిన తరువాత ఇక్కడ రోడ్డు ప్రక్కన కొంచెం ఎత్తుగా ఉన్నచోట నిలబడి చూస్తే రెండు దీపాల వరుసలు కనిపిస్తాయి. ఎదురుగా వచ్చేవి తెల్లనివి. దూరమై పోయేవి ఎర్రనివి. ఎర్రదీపాల వరుసలో ఉన్నట్టుండి ఒకటి మరింత ప్రకాశిస్తుంది. ఒక క్షణం తరువాత దాని వెనుకనున్నది, మరొక క్షణం తరువాత దాని వెనుకది. ముందెక్కడో ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చి ఉంటుంది. ఆ వార్త లారీ నుండి బస్సుకు, బస్సు నుండి కారుకు వెలుతురు రూపంలో చేరినదన్నమాట.

ఈ వార్తలో వెలుతురు చేసిన ప్రయాణానికి పట్టిన కాలం లెక్కలోనికి రాదు. కాంతి సెకండుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. లారీకి, బస్సుకు మధ్య ఉన్న 30 మీటర్లు దాటడానికి సెకండులో కోటవ వంతు చాలును. ఆలస్యమంతా ఆ తరువాతనే ఉన్నది. డ్రైవరు కన్ను ఎర్రదీపాన్ని చూడాలి, మెదడు దాని అర్థం గ్రహించాలి, కాలు బ్రేకు మీదికి పోవాలి. చురుకైన మనిషికి కూడా దీనికి సుమారు ఒక సెకండు పడుతుంది. అలసిన వానికి ఇంకా ఎక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక సెకండులో 22 మీటర్లు పోతుంది. మూడవ వాహనమైన కారు సంగతి మరీ కష్టం. లారీ దీపం దానికి కనిపించదు, బస్సు అడ్డం. బస్సు డ్రైవరు ఒక సెకండు, కారు డ్రైవరు మరొక సెకండు. ఈ రెండు సెకండ్లలో కారు 44 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. ప్రమాదాలను ఢీకొనే తీరునుబట్టి విభజిస్తే, వెనుకనుండి వచ్చి గుద్దుకొన్నవే అన్నిటికంటె ఎక్కువ.

దీపం చెప్పే వార్తను డ్రైవరు కంటికే కాక, నేరుగా వెనుకనున్న వాహనంలోని యంత్రానికి కూడా వినిపించగలిగితే ఈ ఆలస్యం చాలవరకు పోతుంది. దృశ్యకాంతితో వాహనాలకు వార్తలు పంపే పద్ధతికి మూలం ఈ ఆలోచనే.

వెలుతురుతో మాట్లాడటం కొత్త సంగతి కాదు. కరాచీలో తంతివార్తల శాఖలో పనిచేసిన హెన్రీ మాన్స్ అనే ఆంగ్లేయుడు 1869 ప్రాంతంలో హీలియోగ్రాఫు అనే పరికరాన్ని తయారుచేశాడు. అద్దంతో సూర్యకాంతిని దూరపు కొండమీదికి మళ్ళించి, ఆ అద్దాన్ని కొద్దిగా కదిలిస్తూ పొడుగు మెరుపులు, పొట్టి మెరుపులు పంపటమే దాని పని. 1878–80 నాటి ఆఫ్ఘను యుద్ధంలో సైన్యాలు దీనిని విరివిగా వాడినవి. 1880లో టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. పలుచని అద్దం వెనుక నోరు పెట్టి మాట్లాడితే, ధ్వనికి అద్దం కంపిస్తుంది. దానిమీద పడి పరావర్తనం చెందిన సూర్యకాంతి ఆ కంపనాలకు అనుగుణంగా ఎక్కువ తక్కువలవుతుంది. అవతలి కొన సెలీనియం ముక్క ఆ హెచ్చుతగ్గులను విద్యుత్ ప్రవాహంగా మార్చి టెలిఫోను గొట్టంలో మాటగా వినిపించినది. వాషింగ్టన్ నగరంలో 213 మీటర్ల దూరం మాట ఈ విధంగా ఏ తీగా లేకుండా పోయినది. హెర్ట్జ్ ప్రయోగశాలలో రేడియో తరంగాలను చూపించటానికి ఇంకా ఏడెనిమిది సంవత్సరాలు ఉన్న రోజులవి! బెల్ ఈ ఫోటోఫోనును తన ఆవిష్కరణలన్నిటిలో గొప్పదిగా భావించేవాడు. కాని మబ్బు పట్టినా, మంచు కమ్మినా దాని నోరు మూతపడేది. ఆ తరువాత రేడియో వచ్చి దానిని మరుగున పడవేసినది.

వాహనానికి వెలుతురుతో ఆజ్ఞ ఇచ్చే పని మాత్రం రైల్వేలలో ఎన్నడూ ఆగలేదు. మడికొండ ప్రక్కనే ఉన్న కాజీపేట జంక్షనులో ఎర్ర, పసుపు, ఆకుపచ్చ దీపాలు రాత్రింబగళ్ళు చేసే పని ఇదే. అయితే ఆ భాషలో ఉన్నవి నాలుగైదు మాటలు మాత్రమే. ‘ఆగు’ అని చెప్పగలదు కాని, ఎన్ని నిమిషాలు ఆగాలో, ఎందుకు ఆగాలో చెప్పలేదు. దీపాన్ని గంటల తరబడి అలాగే వెలిగించి ఉంచితే అంతకంటె ఎక్కువ చెప్పటం సాధ్యం కాదు. ఎక్కువ చెప్పాలంటే దీపం చాలా వేగంగా వెలిగి ఆరవలెను.

ఇక్కడనే పాత బల్బు పనికిరాకపోయినది. దానిలోని టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలుగుతుంది. వేడెక్కటానికి కొంత కాలం, చల్లారటానికి మరికొంత కాలం పడుతుంది. సెకండుకు వందసార్లు ఆర్పి వెలిగించినా అది పూర్తిగా ఆరదు, పూర్తిగా వెలగదు. ఎల్.ఇ.డి. దీపంలో ఈ చిక్కు లేదు. దానిలో వేడెక్కే తీగ లేదు. అర్ధవాహకపు ముక్కలో ఎలక్ట్రాన్లు పై శక్తిస్థితినుండి క్రిందికి దిగినప్పుడు కాంతి నేరుగా పుడుతుంది. ప్రవాహం ఆపగానే ఆరిపోతుంది, పంపగానే వెలుగుతుంది. సెకండుకు లక్షలసార్లు ఇలా చేయవచ్చును. బ్రేకు దీపాలలో పాత బల్బు తీసివేసి ఎల్.ఇ.డి. పెట్టినంత మాత్రాననే సెకండులో సుమారు అయిదవ వంతు కాలం కలిసివస్తుంది. 80 కిలోమీటర్ల వేగం మీద అది 4 మీటర్లకు పైబడిన దూరం.

తెల్లని ఎల్.ఇ.డి.కి నీలికాంతినిచ్చే ముక్క ఆధారం. ఆ నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకే అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. నీలి ముక్క మీద ఒక పసుపు పూత పూస్తారు. నీలికాంతి కొంత పూతలో ఇంకి పసుపుగా వెలువడుతుంది. రెండూ కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. ఈ పూతలోని వెలుగు కొంచెం ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి తెల్లదీపపు వేగానికి అది అడ్డు. ఎర్ర ఎల్.ఇ.డి.కి పూత అవసరం లేదు. వాహనం వెనుక దీపం, కూడలిలో ‘ఆగు’ దీపం రెండూ ఎర్రవే కావటం ఈ పనికి యాదృచ్ఛికంగా దొరికిన సదుపాయం.

దీపం మిణుకుమిణుకుమంటే డ్రైవర్లకు చీకాకు కాదా అన్న సందేహం రావచ్చును. సెకండుకు ఏ అరవైసార్లకో మించి మిణుకుతున్న దీపాన్ని మన కన్ను నిలకడగా వెలిగే దీపంగానే భావిస్తుంది. సినిమా చూడగలగటానికి కారణం కూడా కంటికి ఉన్న ఈ మందకొడితనమే. ఈ పద్ధతిలో వెలిగి ఆరటం సెకండుకు వేలసార్లు జరుగుతుంది. ఇంకొక చిక్కు ఉన్నది. వెలుగును ‘1’ అని, చీకటిని ‘0’ అని పెట్టుకొంటే, వార్తలో సున్నలు ఎక్కువైనప్పుడు దీపం మందగించి, ఒకట్లు ఎక్కువైనప్పుడు ప్రకాశిస్తుంది. బ్రేకు దీపం విషయంలో ఇది ప్రమాదమే. అందుకని ‘వెలుగు తరువాత చీకటి’ అయితే ఒక గుర్తు, ‘చీకటి తరువాత వెలుగు’ అయితే రెండవ గుర్తు అని నియమం పెట్టుకొంటారు. దీనిని మాంచెస్టరు సంకేతమంటారు. అప్పుడు వార్త ఏదైనా సరే, దీపం సగం కాలం వెలిగి సగం కాలం ఆరి ఉంటుంది, ప్రకాశం మారదు.

ఒక లెక్క వేసి చూడవచ్చును. ‘బ్రేకు గట్టిగా పడినది, వేగం ఇంత, సమయం ఇంత’ అనే వార్తను 20 అక్షరాలలో ఇమిడ్చవచ్చుననుకొందాం. అక్షరానికి 8 గుర్తుల చొప్పున 160 గుర్తులు. దీపం సెకండుకు 10,000 గుర్తులు పంపగలిగితే వార్త పూర్తికావటానికి పట్టే కాలం 0.016 సెకండు. అంతలో 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బస్సు ముందుకు జరిగేది 36 సెంటీమీటర్లు. బస్సులోని యంత్రం ఆ వార్త అందుకొన్న వెంటనే తన వెనుక దీపం ద్వారా దానిని కారుకు అందిస్తే, లారీ కనిపించని కారుకు కూడా లారీ సంగతి తెలుస్తుంది. పైన చెప్పిన 44 మీటర్లకు, దీనికి గల వ్యత్యాసం చూడదగినది.

పంపటం తేలికే, అందుకోవటమే కష్టం. అందుకొనే పరికరం ఫోటోడయోడు. దానిమీద పడిన కాంతికి తగినట్లు దానిలో విద్యుత్ ప్రవాహం పుడుతుంది. 100 కాండెలాల తీవ్రతగల బ్రేకు దీపాన్ని 50 మీటర్ల దూరం నుండి చూస్తే, దూరపు వర్గంతో భాగించగా ఆ దీపం వలన కలిగే ప్రకాశం 0.04 లక్సు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. అంటే ఎండ ఆ దీపానికి 25 లక్షల రెట్లు! మేడారం జాతర మధ్యలో నిలబడి ఒకరు చెవిలో చెప్పిన మాట వినవలసి వచ్చినట్లుంటుంది ఫోటోడయోడు పరిస్థితి. అయితే ఎండలో ఒక మంచి గుణమున్నది: అది మిణకదు. మారని ప్రవాహాన్ని ఆపివేసి, మారేదానిని మాత్రమే పోనిచ్చే కండెన్సరు ఒకటి పెడితే ఎండ చాలావరకు తొలగిపోతుంది. ఎర్రగాజు, కటకం, ఎండ ప్రక్కనుండి పడకుండా ఒక గొట్టం కూడా పెడతారు. అయినా ఎండ మరీ తీవ్రమైతే ఫోటోడయోడు నిండిపోయి, ఇంకొంచెం వెలుతురు వచ్చినదో లేదో తేల్చుకోలేని స్థితికి వస్తుంది.

కెమెరా ఈ చిక్కును వేరొక విధంగా తప్పిస్తుంది. దానిలో ఒక్క కన్ను కాక లక్షల చిన్న కళ్ళుంటాయి. సూర్యుని బింబం ఒక మూల పడితే, లారీ దీపాల బింబాలు మరొకచోట పడతాయి. ఒకదానితో ఒకటి కలియవు. ఎడమ దీపం చెప్పే మాట వేరు, కుడి దీపం చెప్పే మాట వేరు అయినా రెంటినీ ఒకేసారి అందుకోవచ్చును. మామూలు కెమెరా సెకండుకు ముప్పది, అరువది బొమ్మలు మాత్రమే తీస్తుంది కాబట్టి వేగం చాలదు. జపానులో నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యమజాతో, ఆయనతో కలిసి పనిచేసిన శాస్త్రజ్ఞులు 2010 తరువాతి సంవత్సరాలలో బొమ్మకోసం కొన్ని కళ్ళు, వార్తకోసం మరికొన్ని వేగమైన కళ్ళు ఒకే పలకమీద అమర్చి, నడుస్తున్న వాహనాల మధ్య ప్రయోగాలు చేశారు. దీపాలతో వార్తలు పంపే ఆలోచనను 2000 ప్రాంతంలో ముందుకు తెచ్చిన నకగావా కూడా జపానువాడే. అప్పట్లో కెయో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండేవాడు. ఆ దేశంలో 1996 నుండే రోడ్డు ప్రక్క స్తంభాల నుండి పరారుణ కిరణాలతో కార్లకు రాకపోకల సమాచారం పంపుతున్నారు. పరారుణం కంటికి కనిపించదు గనుక అది మన విషయానికి దగ్గర చుట్టమే తప్ప, అదే కాదు.

మన ప్రాంతంలో కూడా అటువంటి చుట్టం ఒకటున్నది. తీగలు వేయటం కష్టమైన చోట్లకు ఇంటర్నెట్టు అందించటానికి స్తంభం నుండి స్తంభానికి కాంతి కిరణాలు పంపే పరికరాలు 2,000 నెలకొల్పాలని 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థకు, అమెరికాలోని ఎక్స్ అనే సంస్థకు మధ్య ఒప్పందం కుదిరినది. అక్కడ రెండు కొనలూ కదలవు. కిరణాన్ని సూదివలె సన్నగా చేసి కిలోమీటర్ల దూరం పంపవచ్చును. రోడ్డు మీద పోయే లారీ వెనుక దీపం అలా గురిపెట్టలేదు. దాని వెలుతురు వెడల్పుగా పరచుకొని త్వరగా పలుచబడుతుంది. అందుచేత దృశ్యకాంతి వార్తకు వంద, రెండువందల మీటర్లు చెప్పుకోదగిన దూరమే.

ఇంతకూ రేడియో ఉండగా ఈ అవస్థ దేనికి? రేడియోతో వాహనాలకు వార్తలు పంపే పద్ధతి చాలా ముందుకు పోయినది. అమెరికాలో 1999లోనే ఇందుకోసం 5.9 గిగాహెర్ట్జుల దగ్గర ప్రత్యేకమైన పట్టీని కేటాయించారు. దక్షిణమధ్య రైల్వేలో రూపుదిద్దుకొన్న ‘కవచ్’ మరొక ఉదాహరణ. మంచులో సిగ్నలు దీపం కనిపించకపోయినా, రేడియో ద్వారా, పట్టాల మధ్య అమర్చిన గుర్తుల ద్వారా ఆ సమాచారం ఇంజనులోనికే వస్తుంది. అవసరమైతే బ్రేకు తానుగా పడుతుంది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద ఎదురెదురుగా నడిపిన ప్రదర్శనలో ఇంజను 380 మీటర్ల దూరంలోనే ఆగిపోయినది. దీపం ఓడిన చోట రేడియో నెగ్గినదనటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కాని రైలు పట్టా వేరు, రోడ్డు వేరు. రేడియో నాలుగు వైపులా పోతుంది. ‘బ్రేకు పడినది’ అని ఒక లారీ రేడియోలో చెబితే, ఎదురువైపు పోయేవి, ప్రక్క బాటలోనివి, వంతెన క్రింద పోయేవి అన్నీ వింటాయి. వందల వాహనాలు ఒకేసారి మాట్లాడితే మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న: మాట్లాడినది ఏ లారీ? తన ముందున్నదా, అరకిలోమీటరు అవతలిదా? రేడియో వార్తలో ఉపగ్రహాల ద్వారా తెలుసుకొన్న స్థానం కూడా చేర్చి పంపాలి. అందులో కొన్ని మీటర్ల పొరపాటు వచ్చినా బాట మారిపోవచ్చును. వెలుతురుకు ఈ బాధ లేదు. అది సూటిగా పోతుంది, అడ్డం వస్తే ఆగుతుంది. ఎర్రదీపం కెమెరాలో ఎక్కడ పడినదో వార్త అక్కడినుండే వచ్చినది. వార్తా, వార్త చెప్పినవాని స్థానమూ ఒక్కసారే అందుతాయి. ఏ ఇంట్లోనో కూర్చొని దొంగవార్త పంపటం కూడా అంత సులభం కాదు, ఎదుట దీపం పట్టుకొని నిలబడాలి. మూలమలుపు తిరగలేకపోవటం వెలుతురుకు దోషమని పుస్తకాలు వ్రాస్తాయి. ఒకే బాటలో ఒకదాని వెనుక ఒకటి పోయే వాహనాలకు మాత్రం ఆ దోషమే పెద్ద గుణం. మలుపుల దగ్గర, మంచులో రేడియో. ముందు వెనుకల సంభాషణకు వెలుతురు, ఇలా రెండూ ఉంటేనే రోడ్డుకు సరిపోతుంది. సంగారెడ్డి దగ్గర కందిలోని ఐ.ఐ.టి.లో 2022 జూలైలో ప్రారంభమైన ‘తిహాన్’ కేంద్రంలో డ్రైవరు లేని వాహనాలను పరీక్షిస్తున్నారు. అటువంటి వాహనాలకు దారి చూడటానికి కెమెరాలు ఎలాగూ ఉంటాయి. వాటికి ఈ భాష నేర్పటం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. పత్తి కాలంలో స్టేషన్ ఘనపురం వైపు నుండి ఏనుమాముల మార్కెట్టుకు తెల్లవారేసరికి చేరాలని రాత్రి బయలుదేరే ట్రాక్టరు ట్రాలీల వెనుక దీపాలు తరచుగా ఉండవు. ఉన్నా బస్తాల మాటున పడతాయి, లేదా బురద పట్టి ఉంటాయి. చెడిపోయి రోడ్డు ప్రక్కన నిలిపిన లారీలో బ్యాటరీ ఖర్చవుతుందని దీపాలన్నీ ఆర్పి, నాలుగు రాళ్ళు అడ్డం పెట్టి డ్రైవరు మెకానిక్కు కోసం పోతాడు. ఎంత గొప్ప సంకేతమైనా వెలగని దీపం నోట పలుకదు. వెనుకనుండి గుద్దుకొనే ప్రమాదాలలో ఇటువంటి మూగ వాహనాల పాత్ర తక్కువ కాదు. సెకండుకు లక్ష గుర్తులు పంపే దీపాలు మనకు వచ్చేలోపల, ట్రాలీ వెనుక రెండు ఎర్ర ఎల్.ఇ.డి.లు, వాటిని తుడవటానికి ఒక గుడ్డముక్క చేసే మేలు ఎక్కువ.

ఈ విషయాన్ని ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో తక్కువ ఖర్చుతో చూపించవచ్చును. బొమ్మలలోనో, తోటదీపాలలోనో ఉండే చిన్న సోలారు పలక ఒకటి తీసుకొని, దాని రెండు తీగలను ఆంప్లిఫయరు మైకు తీగలకు కలపాలి. దానిని ఎండలో పెడితే ఏ ధ్వనీ రాదు. పలకముందు వ్రేళ్ళు విడదీసి ఆడిస్తే టకటకమని చప్పుడు వస్తుంది. ఇంట్లోని పాత తీగబల్బు క్రింద పెడితే ‘గుయ్’మని సన్నని మ్రోత వినిపిస్తుంది, మన కరెంటు సెకండుకు 50 ఆవర్తనాలు చేస్తుంది కాబట్టి బల్బు వెలుగు సెకండుకు 100సార్లు హెచ్చి తగ్గుతుంది, కన్ను గమనించనిదానిని చెవి పట్టుకొన్నది.

తరువాత ఒక చిన్న రేడియో స్పీకరు తీగలకు ఆడియో ట్రాన్స్‌ఫార్మరులోని 8 ఓముల చుట్టను కలపాలి. రెండవ చుట్టను ఒక 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓముల నిరోధకం, ఎర్ర ఎల్.ఇ.డి.లతో వరుసగా కలపాలి. రేడియో ధ్వని బాగా తగ్గించి ఉంచాలి. దీపం నిలకడగా వెలుగుతున్నట్లే ఉంటుంది. దానికి ఎదురుగా సోలారు పలకను పట్టుకొంటే రేడియోలోని పాట ఆంప్లిఫయరు నుండి వినిపిస్తుంది. మధ్యలో అట్టముక్క పెడితే పాట ఆగుతుంది. ఎల్.ఇ.డి. మీద కొంచెం బురద పూసి, తడిగుడ్డ అడ్డం పెట్టి, పలకను దూరంగా జరిపి ధ్వని ఎంత తగ్గినదో విద్యార్థులు వరుసగా వ్రాసుకోవాలి. పలకను తిన్నగా ఎండలోనికి తెస్తే పాట దాదాపు పోతుంది. అప్పుడు నల్లకాగితంతో చేసిన జానెడు గొట్టాన్ని పలకకు తొడిగి, గొట్టం మూతిని దీపం వైపు తిప్పితే, అదే ఎండలో పాట తిరిగి వినిపిస్తుంది.